బాగానే ఉందట

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో, వెనక నుంచి భర్త గొంతు వినపడింది. "ఇవాళ ఆ కమిటీ ముందు నువ్వేం మాట్లాడేది లేదుగా? మీ పెద్ద డాక్టరు వెనక కూచుని రావడమేగా?"

అంతేనంది ఆమె. నిజానికి ఆమెది మాట్లాడే ఉద్యోగమే. పరిశోధన కేంద్రంలో కిటికీ లేని గదిలో కూచుని, బీపీకి కొత్తగా కనిపెట్టిన మాత్రను ప్రయోగంగా మింగుతున్న ఆడవాళ్ళ ఇళ్ళకు ఫోను చేసి, ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవాలి. అహా, ఎంత సుళువు! కానీ చేర్చుకునేటప్పుడు ఇంటి నంబరు అడిగితే, ప్రతి ఆడమనిషీ మొగుడి నంబరే ఇచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంటి నంబరంటే అదేనని వాళ్ళ ఉద్దేశం. దాంతో ఫోనెత్తేది మొగుళ్ళే. "ఆవిడకేం, బాగానే ఉందండీ. ఇందాకే వంట కూడా చేసింది." వంట చేసిందంటే ఇక జబ్బేముంటుంది! ఒక్కసారి ఆవిడకి ఇవ్వండి అంటే, పనిలో ఉందనో, నేను చెప్తున్నాగా అనో అనేవాళ్ళు. ఆమె 'బాగానే ఉంది' అన్నచోట టిక్కు పెట్టేది. ఇంట్లోవాళ్ళు చెప్పినా చెల్లుతుందని పెద్ద డాక్టరు మొదట్లోనే తేల్చేశాడు.

ఆమెకు అది వింతగా తోచలేదు, అదీ అసలు దౌర్భాగ్యం. ఆమధ్య కడుపునొప్పితో ఆసుపత్రికి వెళితే, డాక్టరు తన ముఖం చూసి అడిగిన ప్రతి ప్రశ్నకూ భర్తే జవాబు చెప్పాడు. "పెద్దగా ఏం లేదండీ. ఈవిడ కొంచెం ఎక్కువ చేసి చెప్పుకునే మనిషి." డాక్టరు నవ్వాడు, ఈయన నవ్వాడు, మర్యాదకి తనూ నవ్వింది. ఇంటికి రాగానే అత్తగారు, "ఏమీ లేదన్నారుగా, ఇక లేచి పొయ్యి వెలిగించమ్మా" అంది. నొప్పి ఇప్పటికీ ఉంది. పళ్ళ బిగువున భరిస్తూ గిన్నెలు తోముకోవడం అలవాటైపోయింది.

అలాగే నడిచిపోయేదేమో. పోయినవారం, బట్టలు కుట్టే ఒకావిడ ఇంటికి ఫోను చేసింది. మామూలుగానే మొగుడెత్తి, బాగానే ఉందన్నాడు. వెనక కుట్టుమిషను చప్పుడు ఠక్కున ఆగింది. "కళ్ళు తిరుగుతున్నాయని చెప్పండి. లేస్తే కాళ్ళు నిలవట్లేదని చెప్పండి" అంది ఒక ఆడగొంతు. "ఆఁ, దానిది రోజూ ఉండే గోలేనమ్మా" అని అతను పెట్టేశాడు.

ఆమె పెద్ద డాక్టరు గదికి పరిగెత్తింది. ఆయన తలెత్తలేదు. "ఫోనెత్తిన మనిషి ఏమంటే అదే రాయాలి. వెనక వినపడ్డవన్నీ రాసుకుంటే దాన్ని పరిశోధన అనరమ్మా, పుకారంటారు. అవతల మంత్రిగారు తొందరపెడుతున్నారు, ఊరూరా ఉచితంగా పంచాలని."

రెండు రోజులకే ఆ కుట్టుపనావిడ స్నానాలగదిలో పడిపోయింది. మళ్ళీ లేవలేదు. మొగుడే ఫోను చేసి వెక్కివెక్కి ఏడ్చాడు. "పొద్దున కూడా బాగానే ఉందండీ" అన్నాడు. పాపం, అబద్ధమాడటం లేదు, అతను నిజంగానే అలా అనుకున్నాడు. తడినేల మీద కాలు జారిందని కేంద్రంలో రాసి పారేశారు. ఆవిడ బాగానే ఉందని టిక్కు పెట్టిన చెయ్యి మాత్రం తనదే. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు.

కమిటీ హాలు కిటకిటలాడుతోంది. మాత్రను అనుమతిస్తారా లేదా అన్నది ఇవాళే తేలిపోతుంది. ఉచిత మందు పేదల హక్కని ఒక పక్షం, మంత్రి ఆ మాత్ర తయారుచేసే కంపెనీకి అమ్ముడుపోయాడని ఇంకో పక్షం గొంతులు చించుకుంటున్నాయి. అందరూ మగవాళ్ళే. మింగినవాళ్ళ ఊసెత్తినవాడు ఒక్కడు లేడు. పెద్ద డాక్టరు వెనక కుర్చీలో ఆమె పొట్ట అదిమిపట్టుకుని కూచుంది. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో ఆయన, "నోర్మూసుకుని రమ్మన్నానా లేదా" అంటాడు. విప్పకపోతే రేపటి నుంచి ఇంకెన్ని ఇళ్ళలో ఎంతమంది పడిపోతారో.

చివరికి కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశాడు. "ఆ ఆడవాళ్ళతో ఫోన్లో మాట్లాడింది మీరేనటగా? ఏమన్నారమ్మా వాళ్ళు?"

ఆమె నోరు తెరిచేలోగా పెద్ద డాక్టరు అందుకున్నాడు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. "అందరూ బాగానే ఉన్నామన్నారండీ. ఈవిడే స్వయంగా మాట్లాడింది."

ఆమె లేచి నిలబడింది. కూర్చోమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. ఆమె కూర్చోలేదు.

"వాళ్ళలో ఒక్క ఆడమనిషితో కూడా నేనింతవరకూ మాట్లాడలేదండీ."