గుట్ట అంచు రాళ్లు

వేల్స్ కొండల్లో ఆ మార్చి నెల గాలి మరీ మొండిగా వీచింది. గొర్రెలు ఈనే రోజులు. గొర్రెల రైతు ఇద్వాల్ దొడ్డి గోడ ఒక పక్క కూలిపోయి ఉంది. రాయి కావాలంటే లోయలోకి దిగాలి. అతనికి అంత ఓపిక లేకపోయింది. మేత కొండ మీద వేల ఏళ్లనాటి సమాధి రాళ్లగుట్ట ఉంది. ట్రాక్టర్ తోలుకెళ్లి, దాని అంచు నుంచి ట్రాలీ నిండా రాళ్లు తెచ్చి గోడ కట్టేశాడు.

పక్క పొలంలో ఉండే చెల్లెలు మెరెరిడ్ అది చూసింది. చిన్నప్పుడు వాళ్లు ఆ గుట్ట ఎక్కితే, "లోపల పడుకున్నవాళ్లని లేపకండర్రా" అని అమ్మ కసిరేది. మెరెరిడ్‌కి కోపం ఆగలేదు. అన్నతో ఒక్క మాటైనా అనకుండా పురాతన కట్టడాల ఆఫీసుకు ఫోన్ చేసేసింది.

మర్నాడే ఒక అధికారిణి వచ్చింది. "ఇది రక్షిత స్థలమండీ. ఎక్కడి రాయి అక్కడ పెట్టెయ్యాలి" అంది.

"చచ్చినవాళ్లకేనా రాళ్లు? పుట్టేవాళ్లకి అక్కర్లేదా?" అన్నాడు ఇద్వాల్. అంటూనే గోడ విప్పి రాళ్లన్నీ వెనక్కి చేర్చాడు.

ఆ వారంలోనే మంచువాన విరుచుకుపడింది. తెల్లారి మెరెరిడ్ వెళ్లేసరికి అతను గోడ లేని దొడ్డిలో చలికి చచ్చి బిగుసుకుపోయిన గొర్రెపిల్లల్ని ట్రాలీలోకి ఎత్తుతున్నాడు.

"నాకు కబురు చెయ్యచ్చుగా అన్నా! నా కొట్టం ఖాళీగానే ఉంది."

"ఫోన్లు చెయ్యడం నీకు అలవాటు గానీ, నాకెక్కడిదమ్మా?"

ఆమె తల దించుకుంది. "గుట్టని అలా చూడలేకపోయాను."

"నేను చేసింది తప్పే. కాదన్నానా? ట్రాక్టర్‌కి అడ్డం నిలబడి నాలుగు తిట్టుంటే రాళ్లు అక్కడే దింపేసేవాణ్ణి. నీ మాట ఎప్పుడైనా తీసేశానా?"

తీసెయ్యలేదు. అది ఆమెకూ తెలుసు.

ఎండాకాలంలో మెరెరిడ్ లోయ నుంచి రాయి తోలించి, ఆ గోడ తనే దగ్గరుండి కట్టించింది. ఇద్వాల్ చూసి, "గట్టిగా కట్టించావు" అన్నాడంతే. ఆకులు రాలే వేళకి మందనంతా సంతలో అమ్మేశాడు. సముద్రం ఒడ్డున భార్య పుట్టింటి వైపు ఇల్లు చూసుకున్నాడు. వెళ్లే రోజు మెరెరిడ్ తన గేటు దగ్గర నిలబడి, "లోపలికి రా, టీ తాగి వెళ్దువు" అంది.

"ఇవాళ కాదులే" అని బండెక్కాడు.

ఆ తర్వాత అతను ఆ కొండల వైపు రాలేదు.