హెన్రీ గారికి సెలవు

బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు పట్టాల పక్క వీధిలో, మసాలా సామాన్ల కొట్టు మీది రెండో అంతస్తులో, జయంతి టీచరు రోజూ సందేళ ఇంగ్లీషు ట్యూషను చెబుతుంది. పిల్లలు మెట్లెక్కి వచ్చే లోపు ముందు గది ఊడ్చుకుంటుంది, కరెంటు పోతే వెలిగించే బ్యాటరీ దీపం చూసుకుంటుంది, గోడ వారనున్న బల్ల మీది బట్టలు తీసి లోపల పడేస్తుంది. ఆ బల్ల పిల్లలకి కాదు. వాళ్ళు చాప మీద కూచుంటారు. బల్ల వచ్చేవాళ్ళకి.

వచ్చేవాళ్ళంటే మరేం లేదు. ఆ ఇంట్లో ఎవరి గురించైనా తీరిగ్గా కూచుని, ఇలాంటి మనిషి అలాంటి మనిషి అని చెబితే, ఆ మనిషి వచ్చి బల్ల మీద కూచుంటారు. ఊరికే పేరెత్తితే రారు. చెప్పినంతసేపూ ఉంటారు, చెప్పడం ఆపగానే వెళ్ళిపోతారు. ఆ కాసేపూ వాళ్ళున్న చోట వాళ్ళకి చిన్న కునుకు పట్టినట్టు ఉంటుందట, ఇక్కడ చూసిందీ విన్నదీ మాత్రం గుర్తుంటుందట. జయంతి ముత్తాత విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో మూటలు మోసిన నాటి నుంచీ ఇది వాళ్ళకి మామూలే. అందుకే ఆ ఇంట్లో చాడీలు చెప్పుకోరు. అక్కడ చదువుకున్న పిల్లలకి కూడా ఇది అంటుకుంటుంది. మోహనకృష్ణ అనే కుర్రాడు ఉద్యోగం ఇంటర్వ్యూలో వాళ్ళ నాన్న గురించి చెబితే, ఊరి చివర మింగళాడోన్‌లో భోంచేస్తున్న ఆ నాన్న లుంగీతో ఎంగిలి చేత్తో వచ్చి మేనేజరు పక్కన కూచున్నాడు. ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఇప్పుడు పరీక్ష సంగతి చెప్పాలి. పై దేశాల్లో చదవాలంటే రాయాల్సిన ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే భాగం ఒకటుంది. పరీక్ష పెట్టే దొర ఒక కార్డు చేతికిస్తాడు. మీరు మెచ్చే పెద్దవాళ్ళ గురించి చెప్పండి, మీకు సాయం చేసినవాళ్ళ గురించి చెప్పండి, ఇలా ఉంటుంది. నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. ఎంతటి చదువరికైనా అక్కడ నాలుక పిడచకట్టుకుపోతుంది. లాథా వైపు నుంచి వచ్చే చైనా పిల్లలు దీనికొక ఉపాయం కనిపెట్టుకున్నారు. వాళ్ళ ఫోన్లలో తయారు జవాబులు తిరుగుతుంటాయి, అవి ముక్కస్య ముక్కః బట్టీ పట్టేస్తారు. మనిషి గురించి ఏ కార్డొచ్చినా సరిపోయే జవాబు ఒకటే, మిస్టర్ హెన్రీ. మా పక్కింటాయన, లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు, దయగలవాడు, కష్టపడతాడు, కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, వయొలిన్ అద్భుతంగా వాయిస్తాడు.

పాపం, ఆయనా వచ్చేవాడు. అంతమంది నోళ్ళలో నానాక రాకేం చేస్తాడు. కళ్ళద్దాలుండేవి గానీ ముక్కు ఉండేది కాదు. జవాబులో ముక్కు మాట లేదు మరి. అద్దాలు అలా గాల్లో ఆగి ఉండేవి. వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకునేవాడు. ఏ పాట వాయిస్తాడో ఎవరూ చెప్పలేదు కాబట్టి తీసి వాయించేవాడు కాదు. ఒక పిల్ల చెప్పడం అయ్యి ఆయన లేవబోతే ఇంకో పిల్లాడు మొదలెట్టేవాడు, మళ్ళీ కూలబడేవాడు. కోటు మోచేతుల దగ్గర పలచబడిపోయింది.

జయంతి తల్లి బాలామణికి ఆయన్ని చూస్తే కడుపు తరుక్కుపోయేది. "ఏటే ఈయన ఇలగైపోనాడు? టీ నీళ్ళిద్దారంటే నోరు కూడా పెట్టనేదు ఎవులూ," అనేది.

ఆ పిల్లల్లో యూలాన్ అని ఒక పిల్ల ఉంది. ఊరు లాషియో. అమ్మానాన్న చైనా సరిహద్దు అవతలికి పనికి పోతే నాయనమ్మ దగ్గర పెరిగింది, చైనా బళ్ళో చదివింది, ఇప్పుడు లాథాలో మేనత్త ఇంట్లో ఉంటోంది. ఆ పిల్ల కూచోదు, నడవదు, అన్నీ పరుగులే. మెట్లెక్కుతూ కొత్త మాటలు పైకి చదువుకుంటూ వచ్చేది, బస్సులో ఫోను చెవికి ఆనించుకుని ఇంగ్లీషు వార్తలు వినేది. సముద్రం అవతల పెనాంగ్‌లో నర్సింగ్ సీటు వచ్చింది ఆ పిల్లకి. తొమ్మిదికి ఆరున్నర మార్కు తెస్తేనే చేర్చుకుంటామన్నారు. చదవడంలో, వినడంలో, రాయడంలో దంచేసింది. మాట్లాడడంలో ఐదొచ్చి మొత్తం కిందికి లాగేసింది.

"ఏం జరిగింది?" అని జయంతి అడిగింది.

"హెన్రీ గారి గురించి చెప్పాను సయామ," అంది యూలాన్. బర్మాలో టీచరమ్మని అలాగే పిలుస్తారు. "ఆయన వచ్చి కూచున్నాడు. దొర ఆయన్ని చూసి, మళ్ళీ వచ్చారా అన్నట్టు తలూపాడు. పొద్దున్నుంచీ మన పిల్లలందరూ ఆయన్నే పిలిచారు. తరవాత దొర ఏం అడిగినా నాకు చెప్పడం రాలేదు."

నెలాఖరు లోపు మార్కు పంపకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని పెనాంగ్ వాళ్ళు రాశారు. ఇంకొక్కసారి రాయడానికే వ్యవధి ఉంది. ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా యూలాన్ కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. భయపడితే నీరసించిపోయే పిల్ల కాదు, ఇంకా హుషారెక్కుతుంది.

ఆ సందేళే జయంతి ఒక కట్టుబాటు పెట్టింది. "ఇవాళ్టి నుంచి హెన్రీ గారికి సెలవు. మీకు తెలిసిన మనుషుల గురించే చెప్పండి. తప్పులొస్తే రానీండి."

ఆ వారం ఇల్లు తిరనాళ్ళయిపోయింది. ఒకడు ఫుట్‌బాల్ నేర్పే మాస్టారి గురించి చెబితే ఆయన స్నానం మధ్యలో తువ్వాలుతో వచ్చాడు. ఒక పిల్ల వాళ్ళ అక్క గురించి చెబితే ఆవిడ చంటిబిడ్డకి పాలిస్తూ వచ్చింది, బిడ్డని బాలామణి ఎత్తుకుంది. చెప్పే పిల్లలు నవ్వాపుకోలేక, వచ్చినవాళ్ళ మాటలు ఇంగ్లీషులో చెప్పబోయి తడబడి, మళ్ళీ చెప్పి, రెండు నిమిషాలెప్పుడయ్యాయో చూసుకునేవాళ్ళు కాదు. యూలాన్ అందరికన్నా ఎక్కువ నవ్వింది. తన వంతు వస్తే మాత్రం పక్కకి తప్పుకుంది.

"నిన్ను పెంచిన మనిషి గురించి చెప్పు," అంది జయంతి.

"ఆనై గురించా? వద్దు సయామ." ఆనై అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ. "లాషియో బజార్లో తనకి నూడుల్స్ కొట్టుంది. నా తరవాత నువ్వే చూసుకోవాలి అనేది. నేను నర్సునవుతానంటే గరిటె విసిరికొట్టింది. వెళ్తే వెళ్ళు, ఎక్కడా ఎవరి దగ్గరా నా మాట మాత్రం ఎత్తకు అంది. అప్పట్నుంచి ఫోను చేసినా ఎత్తడం లేదు."

"రానీయే పిల్లా. తిట్టడానికైనా ఒస్తాది కదా," అంది బాలామణి.

"తిడితే పడతాను. వచ్చి నాకేసి చూడకుండా కూచుంటే?" అంది యూలాన్. అన్నాక తల వంచేసుకుంది. ఆ పిల్లకి నాయనమ్మ మీద బెంగ, అంతే. ఊరు విడిచిన రోజు నుంచీ ఉంది, పరుగుల్లో పెట్టి దాచుకుంటోంది.

అయినా బలవంతపెడితే ఒకసారి మొదలెట్టింది. మా నాయనమ్మ తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగిస్తుంది, అని ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పింది. గుమ్మం దగ్గర నల్ల రబ్బరు చెప్పుల్లో రెండు పాదాలు కనబడ్డాయి. యూలాన్ గభాల్న నోరు మూసేసుకుంది. పాదాలు వెంటనే వెళ్ళిపోయాయి. ఆ తరవాత ఎంతమంది చెప్పినా వినలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే యూలాన్ వచ్చేసరికి జయంతి కూడా చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. బాలామణి పిల్ల బుగ్గలకి తనకా చెక్క అరగదీసిన గంధం రాసి, జడలో మల్లెపూలు తురిమి, వేడి ఇడ్లీలు తినేదాకా కదలనివ్వలేదు. టాక్సీలో యూలాన్ దారి పొడుగునా కనబడ్డ బోర్డులన్నీ ఇంగ్లీషులో చదువుతూనే ఉంది. డ్రైవరు కూడా ఉత్సాహం పట్టలేక రెండు చదివాడు. పరీక్ష ఒక పెద్ద హోటలు మేడ మీద. జయంతి వరండాలో ఆగిపోయింది, యూలాన్ గదిలోకి వెళ్ళింది.

కిందటిసారి ఉన్న దొరే ఉన్నాడు. సన్నగా పొడుగ్గా, మెడ పొడుచుకొచ్చి ఉంటాడు. ఊరు పేరు అడిగాడు, వాతావరణం అడిగాడు, తరవాత కార్డు ఇచ్చాడు. మీరు మెచ్చే ఒక పెద్దవయసు మనిషి గురించి చెప్పండి.

నిమిషం ఎలా అయిపోయిందో యూలాన్‌కి తెలీదు. బట్టీ పట్టిన నోరు తనంతట తానే తెరుచుకుంది. మా పక్కింటాయన మిస్టర్ హెన్రీ, అంది. ఆయన వచ్చేశాడు. సెలవిచ్చినా పిలిస్తే రాక తప్పదు గదా. పెట్టె కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, గోడ పక్క కుర్చీలో మెల్లగా కూచున్నాడు. దొర కలం మూత పెట్టేశాడు.

ముక్కు లేని ఆ మొహాన్ని యూలాన్ చూసింది. ఎన్నిసార్లు పిలిచారో ఈయన్ని, ఎంతమంది. ఈయన గురించి ఎవరికీ ఒక్క ముక్క కూడా తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. సిగ్గేసింది ఆ పిల్లకి.

"క్షమించండి సార్," అంది ఇంగ్లీషులో. "ఈయన మా పక్కింటాయన కాదు. ఈయనెవరో నాకు తెలీదు. నేను మా నాయనమ్మ గురించి చెబుతాను."

హెన్రీ గారు లేచి నిలబడ్డాడు. కుర్చీని చేత్తో తుడిచి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన్ని ఎవరూ చూడలేదు.

మా నాయనమ్మ ఎడమ మణికట్టు మీద నూనె పడి కాలిన మచ్చ ఉంటుంది, అని మొదలెట్టింది యూలాన్. నాకు జ్వరమొస్తే ఆ మచ్చ నా నుదుటి మీద ఆనించి చూసేది. ఊరేసిన ఆవాకు వాసన వచ్చేది తన చేతికి. తలుపు తెరుచుకుంది. ఆనై వచ్చింది, నడుముకి గుడ్డ కట్టుకుని, చేతులు తడిగా, రబ్బరు చెప్పులతో. కుర్చీలో కూచుంది. మనవరాలికేసి చూడలేదు. గోడకేసి చూస్తోంది.

యూలాన్ గొంతు సన్నబడిపోయింది. మాటలు పెదాల దగ్గరే ఆగిపోతున్నాయి. దొర ముందుకు వంగి చెవి పెట్టాడు. ఇంకొక్క క్షణం ఆగిపోతే నాయనమ్మ వెళ్ళిపోతుంది, సీటూ పోతుంది.

అప్పుడు ఆనై గోడకేసే చూస్తూ చైనా భాషలో అంది, "ఏం గొణుగుతున్నావు? కొట్లో గిరాకీని పిలిచే గొంతు ఏమైంది?"

అంతే. యూలాన్ గొంతు ఎత్తింది. ఆనై తెగిన చెప్పులు కుట్టించుకోకుండా మనవరాలికి బూట్లు కొన్న సంగతి చెప్పింది, చదువురాని మనిషి పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరీ తన చేత పాఠం అప్పజెప్పించుకున్న సంగతి చెప్పింది. గరిటె విసిరిన సంగతి కూడా చెప్పింది. కొట్టు నాకివ్వాలనుకుంది, నేను వద్దన్నాను, కోపమొచ్చింది, నా మాట ఎత్తకు అంది, ఇప్పుడు ఎత్తుతున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన గొప్ప మనిషి ఇంకెవరూ లేరు. సగం వాక్యాల్లో తప్పులున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

రెండు నిమిషాలు దాటిపోయాయి. దొర గడియారం చూసుకోవడం మర్చిపోయాడు. "ఇందాక ఆవిడ ఏమన్నారు?" అని అడిగాడు. యూలాన్ చెప్పింది. ఆయన నవ్వి, "చిన్నవాళ్ళు పెద్దవాళ్ళు చెప్పిన పనే చెయ్యాలంటారా? ఆవిడ్ని కూడా అడగండి," అన్నాడు. యూలాన్ చైనా భాషలో అడిగింది, ఆనై విసుక్కుంటూ జవాబిచ్చింది, యూలాన్ ఇంగ్లీషులో చెప్పింది, దొర కాదన్నాడు, ఆనై కుర్చీ ముందుకు లాక్కుంది. పరీక్ష ఇలా జరగాలని ఎక్కడా రాసిలేదు, జరగకూడదనీ రాసిలేదు. గదిలోంచి ముగ్గురి గొంతులూ వరండాలోకి వినబడుతుంటే జయంతికి ఒళ్ళంతా పులకరించింది.

చెప్పడం అయిపోయింది, ఆనై వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కూడా మనవరాలికేసి చూడలేదు. ఆ రోజంతా యూలాన్ ఫోను చేతిలో పట్టుకునే తిరిగింది. మర్నాడూ అంతే. లాషియో నుంచి ఎవరూ చెయ్యలేదు.

ఫలితం వచ్చిన సందేళ కరెంటు లేదు. పిల్లలందరూ బ్యాటరీ దీపం చుట్టూ మూగి యూలాన్ ఫోనులోకి తొంగి చూశారు. సిగ్నలు వచ్చీ రాకా తిరిగి తిరిగి చివరికి తెరుచుకుంది. మాట్లాడడంలో ఏడున్నర, మొత్తం ఏడు. జయంతి ఆ పిల్లని పట్టుకుని ఏడ్చేసింది. కింది కొట్టువాళ్ళు పైకొచ్చారు, పై అంతస్తువాళ్ళు కిందికొచ్చారు, బాలామణి అందరి నోళ్ళలోనూ పంచదార పోసింది. యూలాన్ గెంతుతూనే ఉంది, గెంతుతూ గెంతుతూ ఏడుస్తోంది, సంతోషానికో బెంగకో దానికే తెలీదు.

ఆ గోలలో ఫోను మోగింది. లాషియో నంబరు. బాలామణి పంచదార చేత్తోనే అందర్నీ ఊరుకోమంది.

"సీటొచ్చిందా?" అంది ఆనై.

"వచ్చింది ఆనై."

"ఎప్పుడెళ్తావు?"

"వచ్చే నెల."

అవతల ఆనై పొయ్యి మీది మూకుడు దించిన చప్పుడైంది.

"ఆ దొర మరీ సన్నంగా ఉన్నాడు, తిండి తింటాడా అసలు?" అంది ఆనై. "వాడికి నా గురించి బాగానే చెప్పావు. పెనాంగ్‌లో కూడా చెప్తావా ఎవరికైనా?"

"నీ మాట ఎత్తొద్దన్నావుగా."

"అన్నాను. ఇప్పుడు ఎత్తమంటున్నాను. రోజూ ఎత్తు. పొద్దున్న మాత్రం వద్దు, బేరాలుంటాయి. మూడు దాటాక చెప్పు. మొహం కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని కూచునుంటాను."