రాయ్స్ నోరు మూతపడిన బుధవారం

ఆ బుధవారం పొద్దున మంచు కురవాలో వాన కురవాలో ఆకాశం తేల్చుకోలేదు. రెంటికీ సరిపడా బూడిదరంగు పులుముకుని, కోత అయిపోయిన మొక్కజొన్న చేల మీదికి వంగి కూర్చుంది. నెబ్రాస్కాలో మార్చి నెల అంతే. కాలేజీ బేస్‌బాల్ గ్రౌండులో మిగిలిన మంచును ఆటగాళ్లే పారలతో ఎత్తి కంచె అవతల పోస్తున్నారు.

"ఒరే హ్రుస్కా, పార పట్టుకోవడం చూస్తే తెలుస్తోందిరా, మీ నాన్న నిన్ను పొలంలోకి రానివ్వకుండా కాలేజీకి ఎందుకు తరిమాడో!" అన్నాడు రాయ్స్.

"నువ్వు అలా వాగుతూనే ఉండు. ఆ వేడికి మంచంతా కరిగిపోతుంది, మాకు పని తప్పుతుంది" అన్నాడు హ్రుస్కా.

బెటో సల్సేడో మంచు ఎత్తుతూనే ఉన్నాడు. అతను క్యాచర్. గొంతుక్కూర్చుని వేళ్లతో సైగ చేస్తే పనైపోయేవాడికి మాటలతో ఏం పని? నాలుగేళ్లుగా రాయ్స్ విసిరే బంతులు పట్టేదీ అతనే, అదే గదిలో పడుకుని రాయ్స్ కబుర్లు భరించేదీ అతనే. బంతులే నయం అనిపిస్తుంది బెటోకి.

శుక్రవారం నుంచి చుట్టుపక్కల కాలేజీలతో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. శుక్ర, శనివారాలకు బంతి వేసే పిచర్లు ఎప్పుడో ఖాయమయ్యారు. ఆదివారం ఒక్కటే మిగిలింది. కోచ్ వాస్ సోమవారమే చెప్పేశాడు.

"బుధవారం మనలో మనం ఏడు ఇన్నింగ్స్ ఆడదాం. ఎర్రచొక్కాల తరఫున రాయ్స్ వేస్తాడు, తెల్లచొక్కాల తరఫున క్విన్సీ. ఎవడు బాగా వేస్తే వాడిది ఆదివారం. రెండోవాడు ఈ సీజనంతా బెంచీ మీద. రాయ్స్, నీ చెయ్యి మంచిదేరా. దాన్ని నీ నోరే పని చేయనివ్వదు."

"ఈ నోటికి కూడా ఒక చొక్కా ఇప్పించండి కోచ్, అదీ ఆడుతుంది" అన్నాడు రాయ్స్. అందరూ నవ్వారు.

గదికి వచ్చాక మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్లమ్మ మూడు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ముసలివాళ్ల ఆశ్రమంలో పని చేస్తుంది. ఆమెకు సెలవు దొరికేది ఆదివారమే. కొడుకు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లో బంతి వేస్తుంటే నాలుగేళ్లలో ఒక్కసారైనా చూడలేదు. ఇదే ఆఖరు సంవత్సరం. ఆ సంగతి రాయ్స్ చెప్పలేదు. చెప్పకుండా ఉన్న సంగతి అదొక్కటే కాబట్టి బెటోకి బాగా తెలుసు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. బంతి మంచిదా చెడ్డదా చెప్పడానికి కోచ్ బెటో వెనకాలే నిలబడ్డాడు. మొదటి మూడు ఇన్నింగ్స్‌లో రాయ్స్ చెయ్యి ఒక ఆట, నోరు ఒక ఆట ఆడాయి.

"ఏంట్రా ఆ బ్యాటు? ఊడ్చుకోడానికి తెచ్చావా?" అని తెల్లచొక్కావాడిని అడిగేవాడు. ఆ వెక్కిరింత మీద ధ్యాసతో బంతి ఎక్కడికో విసిరేవాడు. అలా నాలుగేసి చెడ్డ బంతులు వేసి, ఐదుగురిని బ్యాటు ఊపకుండానే మొదటి బేసుకు నడిపించాడు. అయినా ఒక్కరూ సరిగా కొట్టలేకపోయారు, అది అదృష్టం.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒకడు బంతిని నెమ్మదిగా నేలమీద దొర్లించాడు. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య కాపలా ఉండే హ్రుస్కా ఉరికి దాని మీద గ్లవ్ పెట్టాడు. బంతి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి దూకింది. కొట్టినవాడు బేసు చేరిపోయాడు.

ఇన్నింగ్స్ అయ్యాక బెటో గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకుని బెంచీకి వచ్చాడు. స్కోరు పుస్తకం రాసేది రెనాటా. లెక్కల విద్యార్థిని. వాళ్ల నాన్న అడిగినా సున్నాని ఒకటి చెయ్యదు.

"అది హిట్టే కదా రెనాటా?" అని చెవిలో అడుగుతున్నాడు హ్రుస్కా.

"హిట్టే, కొట్టినవాడి గొప్పే. అంత దూరం ఉరికొచ్చావు కాబట్టి నీ తప్పు రాయలేదు. రాసేశాను, ఇక వెళ్లు."

బెటో పుస్తకంలోకి తొంగి చూశాడు. నిజమే, పెన్సిలుతో నల్లగా ఉంది. వెళ్లి రాయ్స్ పక్కన కూర్చున్నాడు.

"ఒరే బెటో, ఇందాకటిది హ్రుస్కా గాడి తప్పే కదా? నన్నెవరూ కొట్టినట్టు కాదు కదా?"

బెటో నోటినిండా గింజలు. ఒక దవడలో తొక్క, ఇంకో దవడలో పప్పు. ఉమ్ముదామని లేచి బెంచీ చివరికి వెళ్లాడు.

తిరిగి చూసేసరికి రాయ్స్ కళ్లు కోడిగుడ్లంత అయ్యాయి. కొంచెం కొంచెంగా నోరు మూశాడు. టోపీ కిందికి లాక్కుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

బెటోకి క్షణంలో అర్థమైంది. ఒక్క హిట్టూ ఇవ్వకుండా పిచర్ నెట్టుకొస్తుంటే వాడితో ఎవరూ మాట్లాడరు, పక్కన కూర్చోరు, వాడూ ఆ ఊసెత్తడు. ఎత్తితే ఆ అదృష్టం పారిపోతుంది. బేస్‌బాల్ ఆడే ఏ ఊళ్లోనైనా ఇంతే. తను లేచి వెళ్లడం చూసి, ఇంకా ఒక్క హిట్టూ ఇవ్వలేదనే రాయ్స్ అనుకున్నాడు.

చెప్పేద్దామనే అనుకున్నాడు బెటో. కానీ ఐదో ఇన్నింగ్స్ మొదలైంది. రాయ్స్ కిక్కురుమనలేదు. బెటో గ్లవ్ ఎక్కడ పెడితే బంతి అక్కడికే, పెంపుడు కుక్కలా వచ్చింది. తొమ్మిది బంతుల్లో ముగ్గురూ వెనక్కి వెళ్లిపోయారు. వెనకాల నిలబడ్డ కోచ్ ముక్కుతో గట్టిగా గాలి వదిలాడు. అది ఆయన మెచ్చుకోవడం.

బెటో తిన్నగా రెనాటా దగ్గరికి వెళ్లాడు.

"ఆ పుస్తకం ఎవరికీ చూపించకు."

"నేను అబద్ధం రాయను బెటో."

"రాయమన్నానా? చూపించొద్దన్నాను, అంతే."

రెనాటా అతన్ని చూసింది, బెంచీ మీద ఒంటరిగా బొమ్మలా కూర్చున్న రాయ్స్‌ని చూసింది. పుస్తకం మూసి దాని మీద కూర్చుంది.

తరవాత బెటో ఈ సంగతి హ్రుస్కా చెవిలో వేశాడు.

"అంటే వాడు నోరు మూసుకునే ఉంటాడా?" అన్నాడు హ్రుస్కా.

"ఆట అయ్యేదాకా."

"ఒరే, నువ్వు నాలుగేళ్ల ముందే ఎందుకు గింజలు తినలేదురా!"

ఐదు నిమిషాల్లో ఆ మాట రెండు జట్లకీ పాకింది. ఇక కుర్రాళ్ల ఆనందం చెప్పనలవి కాదు. ఒకడు రాయ్స్ టోపీ మీద బబుల్‌గమ్ బుడగ ఊది అంటించాడు. ఇంకొకడు వాడి బూట్ల తాళ్లు ఒకదానికొకటి కట్టాడు. నాలుగేళ్లుగా రాయ్స్ అందరికీ చేసినవే. రాయ్స్ తాళ్లు విప్పుకున్నాడు, పళ్లు కొరుక్కున్నాడు, వెళ్లి ఆరో ఇన్నింగ్స్‌లో ముగ్గురినీ పంపించేశాడు. ఆ గులాబీరంగు బుడగ టోపీ మీద అలాగే ఊగుతూ ఉంది.

ఏడో ఇన్నింగ్స్‌కి ముందు గాలితోపాటు సన్న మంచురాళ్లు మొహాన కొట్టడం మొదలెట్టాయి.

"చాలు! మిగిలింది రేపు పదింటికి ఆడదాం" అని కేకేశాడు కోచ్. రెనాటా వైపు చెయ్యి చాచాడు. "పుస్తకం ఇటివ్వమ్మా."

రెనాటా నెమ్మదిగా లేచి ఇచ్చేసింది.

సాయంత్రం ఆరింటికి భోజనశాలలో పొడుగు బల్ల చుట్టూ పాతికమందీ కూర్చున్నారు. ఆ రోజు మాంసం, చిక్కుడు గింజలు వేసి ఎర్రగా వండిన చిల్లీ, దాంతోపాటు దాల్చినచెక్క రొట్టె. ఆట పూర్తి కాలేదు కాబట్టి కట్టుబాటూ పూర్తి కాలేదు. రాయ్స్‌కి ఇరువైపులా ఒక్కో కుర్చీ ఖాళీ. ఎవరికీ ఏమీ మాట్లాడాలని లేదు. అలాంటి ప్రశాంతత ఆ బల్ల దగ్గర ఎన్నడూ ఎరగరు.

కోచ్ పళ్లెంతో వచ్చాడు, చంకలో పుస్తకం. వచ్చి బెటో పక్కన కూర్చున్నాడు. ఆయన మాట్లాడితే అంతా అయిపోయినట్టే. ఒక హిట్టు ఇచ్చావుగా అని ఒక్క ముక్క చాలు. రేపు ఏడో ఇన్నింగ్స్‌లో రాయ్స్ నోరూ తెరుచుకుంటుంది, ఆదివారమూ పోతుంది. బెటో చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

కోచ్ బల్లకి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. టోపీ మీద బుడగని చూశాడు. బంతి గ్లవ్‌లోకి పోయి బయటికి దూకడం ఆయన స్వయంగా చూసినవాడే. పుస్తకం తెరిచి, చెవి మీది పెన్సిలు తీసి, నాలుగో ఇన్నింగ్స్ దగ్గర ఒక గడి రబ్బరుతో చెరిపాడు. అందులో ఇంకో అక్షరం రాశాడు. పొట్టు ఊదేశాడు. పేజీ తిప్పి, ఆదివారం అని ఉన్నచోట ఒక పేరు రాసి, పుస్తకం బల్ల కింద బెటో మోకాలి మీద పెట్టాడు.

బెటో చూశాడు. పక్కవాడికి అందించాడు. పుస్తకం మోకాలి నుంచి మోకాలికి బల్లంతా తిరిగింది, రాయ్స్ దగ్గర మాత్రం రెండు ఖాళీ కుర్చీల వెనక నుంచి దాటిపోయింది. హ్రుస్కా దగ్గరికి వచ్చింది. ఆదివారం దగ్గర రాయ్స్ పేరు చూసి పళ్లికిలించాడు. పేజీ వెనక్కి తిప్పాడు. హిట్టు పోయిన చోట తన తప్పు రాసి ఉంది. మొహం చిల్లీకన్నా ఎర్రబడింది. నోరు తెరిచాడు. పాతికమందీ వాడినే చూస్తున్నారు.

హ్రుస్కా తెరిచిన నోట్లో చెంచా పెట్టుకున్నాడు.

రాయ్స్ ఎవరి వైపూ చూడకుండా రొట్టె తుంచి చిల్లీలో ముంచుకున్నాడు. బెటో కూడా ముంచుకున్నాడు. కోచ్ ఉప్పు అందుకున్నాడు. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా అందరూ తింటూనే ఉన్నారు.