గొంతు జీరబోయిన చోటు

నేను ఒక సీడీ డ్రైవ్‌ని. కంప్యూటర్ మీట నొక్కగానే నాలుక చాపినట్టు పళ్ళెం బయటికి చాపేది నేనే. పుట్టింది ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో. మొదటి కొలువు మాత్రం కాకినాడలో, ఒక ఇంటర్నెట్ సెంటర్లో. అక్కడ సినిమా పాటల సీడీలు గబగబా కాపీ చేసి పడేస్తుంటే, "దీని స్పీడు చూశారాండీ!" అని యజమాని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. దాంతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి. వేగం ఉంటే చదువు వచ్చినట్టే అనుకున్నాను.

ఆ సెంటరు మూతపడ్డాక, పోర్టు ఆఫీసులో పనిచేసే విశ్వపతిగారు నేనున్న కంప్యూటర్ని కొనుక్కున్నారు. ఆయన భార్య హైమవతిగారు లలిత సంగీతం పాడేవారు. నేను వచ్చేసరికే మానేశారు. మెడలో గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది కానీ గొంతు బొంగురుపోయింది. పై స్వరాలు అందడం లేదు.

ఆపరేషన్‌కు ముందు ఆవిడ చేసిన ఆఖరి కచేరీ ఒకే ఒక్క సీడీలో మిగిలింది. మైకుసెట్టు అతను రికార్డు చేసి ఇచ్చాడట. గీతలు పడి అది ప్లేయర్లో ఆగిపోతోంది. పూర్తిగా పాడయ్యేలోగా కంప్యూటర్లో దాచుకోవాలని, విశ్వపతిగారు ఒక ఆదివారం దాన్ని నా పళ్ళెంలో పెట్టారు.

అలవాటు ప్రకారం రయ్యిన తిప్పేశాను. డిస్కు మీద గీత అడ్డొస్తే అక్కడ ఏముందో నాకు కనబడదు. కనబడలేదని ఒప్పుకోవడం నామోషీ. అందుకని అటూ ఇటూ ఉన్న స్వరాలు చూసి, మధ్యలో ఇదై ఉంటుందిలే అని పూరించేస్తాను. మరీ పెద్ద గీతైతే ఆ ముక్కను దాటేసి పోతాను. అంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

కాపీ విని విశ్వపతిగారు సంబరపడ్డారు. "హైమా, చక్కగా వచ్చేసింది చూడు. ఆఖరి పాటలో నీ గొంతు జీరబోయిన చోటు కూడా వినబడట్లేదు. ఓ రకంగా మంచిదే అయింది."

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆవిడకు ఉపకారం చేశాననే అనుకున్నాను.

హైమవతిగారు ఆ పాట మళ్ళీ పెట్టించుకుని విన్నారు. "ఇది నేను పాడింది కాదండీ," అన్నారు.

"అదేంటి? గొంతు నీదేగా?"

"గొంతు నాదే. కానీ అక్కడ నేను పాడలేక ఆగిపోయాను. హాల్లోంచి ఎవరో ఆడమనిషి, 'పాడమ్మా, మేమున్నాం' అని కేకేసింది. ఆవిడెవరో ఈరోజుకీ తెలీదు. ఆ కేక విన్నాకే మళ్ళీ ఎత్తుకున్నాను. అది లేకపోతే ఈ పాట నాకెందుకండీ?"

విశ్వపతిగారు తర్వాత నాలుగు చోట్లా వాకబు చేసి కొత్త ప్రోగ్రాం ఒకటి తెచ్చి ఎక్కించారు. దానికి నా మాట మీద బొత్తిగా నమ్మకం లేదు. ఒక్కో ముక్కనూ మళ్ళీ మళ్ళీ చదవమంటుంది. ప్రతిసారీ ఒకటే జవాబు చెబితేనే ఒప్పుకుంటుంది. గీత దగ్గర నేను పూటకో మాట చెప్పి దొరికిపోయాను. అది నా వేగం కూడా తగ్గించేసింది. సెంటర్లో గుర్రంలా పరుగెత్తినదాన్ని, ఎద్దుబండిలా కదలాల్సి వచ్చింది.

ఆఖరి పాట దగ్గర ఎంతకీ లెక్క కుదరలేదు. "పోనీ, వదిలేద్దామా?" అన్నారు విశ్వపతిగారు.

"ఒక్కసారి ఇలా ఇవ్వండి." హైమవతిగారు డిస్కు అందుకుని, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచారు. ఆరాక తనే పళ్ళెంలో పెట్టారు. ఈసారి నేను ఏమీ ఊహించలేదు. కనబడిందే చెప్పాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాను. ప్రోగ్రాం ఒప్పుకుంది.

కొత్త కాపీ పెట్టారు. పాట సాగి సాగి, గొంతు జీరబోయి ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ వెంటనే దూరం నుంచి, "పాడమ్మా, మేమున్నాం!"

రికార్డులో ఆవిడ మళ్ళీ ఎత్తుకున్నారు. ఆఖరి చరణంలో పై స్వరం అందక అక్కడితో ఆపేశారు. చప్పట్లు. అంతే, సీడీ అయిపోయింది.

గదిలో మాత్రం పాట అవలేదు. హైమవతిగారు కుర్చీలో అలాగే కూర్చుని, శ్రుతి బాగా దించుకుని, ఆ బొంగురు గొంతుతోనే మిగిలిన చరణం పాడి ముగించారు. విశ్వపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. రికార్డు చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇప్పుడు నేను అటక మీద ఉన్నాను. కొత్త కంప్యూటర్లో నాలాంటివాళ్ళకు చోటు లేదట. కింద గదిలో సాయంత్రాలు ఆవిడ పాఠం చెబుతారు, ఆ కింది శ్రుతిలోనే. ఇక్కడికి స్వరాలు సగమే వినబడతాయి. మిగతా సగం ఇదై ఉంటుందిలే అని పూరించుకోను. రేపు మళ్ళీ పాడతారు కదా, అప్పుడు వింటాను.