నీలిమందు తెలుపు

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా విజయ్ పాల్. గోడకి పల్చటి టీవీ తగిలించిన రోజు నుంచి దాని రంగులు దిద్దడమే పనిగా పెట్టుకున్నాడు. కొట్లో పెట్టిన రంగులు కొట్టుకే సరి అంటాడు. అక్కడ పక్క టీవీని మించి కళ్లకి కొట్టాలి కాబట్టి మనుషులందరూ టమాటాల్లా కనిపిస్తారట. ఇంట్లో మనిషి మనిషిలా కనపడాలట. మాట బాగానే ఉంది, రిమోట్ చేతిలోంచి దించితేగా!

"పెళ్లాం కట్టిన చీర ఏ రంగో చెప్పలేరు గానీ, టీవీకి మాత్రం తెగ వంకలు పెడుతున్నారు" అంది భార్య రూతు.

ఆ రోజు మాత్రం ఆ దిద్దుబాటుకి కారణం ఉంది. తండ్రి ఏసురాజు పోయి ఏడాదయింది. సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. ప్రార్థన అయ్యాక తన పెళ్లి డీవీడీ వేసి, అందులో తండ్రిని అందరికీ చూపించాలని విజయ్ పాల్ ఆశ. చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లకల్లా చేతులు జోడిస్తూ నవ్వే ఏసురాజు ఇక ఆ డీవీడీలోనే మిగిలాడు. ఫోటోలో మనిషి కదలడు కదా.

పొద్దుటి నుంచీ కుస్తీ పట్టి, కలర్ తగ్గించి, టెంపరేచర్ అన్న సెట్టింగులో వార్మ్ పెట్టేసరికి తండ్రి మొహం అచ్చం తండ్రి మొహంలా వచ్చింది. అదే చామనచాయ. విజయ్ పాల్ రిమోట్ పక్కన పెట్టాడు. అమ్మని కేకేశాడు.

సువార్తమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, మొహం చిట్లించింది.

"చొక్కా ఏంట్రా అలా ఉంది?"

"ఎలా ఉందమ్మా?"

"పసుపు తేలిపోయి. నీలిమందు ముఖమే చూడనట్టు!"

సువార్తమ్మ తెలుపంటే పేటలో పేరు. మొగుడు లాకుల దగ్గర పనిచేసి కాలవ బురదతో ఇంటికొచ్చినా, ఆదివారం చర్చికి మల్లెపూవులాంటి చొక్కాతోనే వెళ్లేవాడు. ఆయన బట్టలు ఒక్కసారి కూడా ఇంకొకరి చేత ఉతికించలేదు. నీలిమందు తక్కువైతే పసుపు, ఎక్కువైతే మరక. ఎంత పడాలో ఆవిడ చేతికి తెలుసు.

"అది వార్మ్ అమ్మా. నిజమైన తెలుపు అలాగే ఉంటుందని టీవీతో ఇచ్చిన పుస్తకంలో రాశారు."

"ఆ రాసినాయన ఎప్పుడైనా బట్టలుతికాడా?"

"నా పెళ్లిచీర కూడా పసుపు తిరిగింది అత్తయ్యగారూ, దాని సంగతి ఎవరికీ పట్టదేం?" అంది రూతు.

"నీ చీర సంగతి మీ అమ్మ చూసుకుంటుందిలే" అని, సువార్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "నలుగురూ వస్తారు. అందులో పక్కింటి జ్ఞానమ్మ కూడా వస్తుంది. ఈ సువార్తమ్మ కొడుకు పెళ్లికి మొగుణ్ణి మాసిన చొక్కాతో నిలబెట్టిందనుకోరూ? తెల్లగా వస్తే వెయ్యి. లేదంటే అసలు వెయ్యకు."

ఆవిడ అన్నదంటే అన్నట్టే. విజయ్ పాల్ నార్మల్ పెట్టి చూశాడు. చొక్కా తెల్లబడలేదు, మొహం నిలవలేదు, రెంటికీ చెడ్డ రేవడి అయింది. ఇక చేసేది లేక కూల్ పెట్టాడు.

చొక్కా తళుక్కుమంది.

"అదీ! అదిరా నా చేతి తెలుపు!" సువార్తమ్మ మొహం విప్పారింది.

విజయ్ పాల్ కళ్లు తండ్రి మొహం మీదున్నాయి. సువార్తమ్మ చూపు కూడా చొక్కా మీంచి మెల్లగా పైకి పాకి, అక్కడే ఆగిపోయింది. పెదాలు, బుగ్గలు, జోడించిన చేతులు, అన్నిటి మీదా పల్చగా నీలం.

ఆసుపత్రిలో ఏసురాజు ఊపిరి ఆగినప్పుడు పక్కన ఉన్నది ఆవిడ ఒక్కతే. విజయ్ పాల్ మందులకని కిందికి వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోగా ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

"తీసెయ్యరా" అంది.

"ఏంటమ్మా?"

"ఆ నీలం. ఆయన మొహం మీద అది ఒకసారి చూశాను. ఇంకెవరికీ చూపించకు."

"మరి చొక్కా?"

"చొక్కా పోతే పోనీ."

వార్మ్ పెట్టగానే ఏసురాజు మొహంలోకి నెత్తురొచ్చింది. సువార్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, వచ్చేవాళ్లకి టీ సంగతి చూడ్డానికి వంటింట్లోకి వెళ్లింది.

సాయంత్రం పాటలు, వాక్యం, ప్రార్థన అన్నీ అయ్యాక డీవీడీ వేశారు. చర్చి గుమ్మంలో ఏసురాజు చేతులు జోడించి నవ్వాడు. ముందు కూర్చున్న పెద్దాయన ఒకరు తెలియకుండానే "వందనాలండీ" అన్నారు. గదిలో ఎవరో వెక్కారు. విజయ్ పాల్ తల దించుకున్నాడు. అతను కోరుకున్నది అదే.

అప్పుడు పక్కింటి జ్ఞానమ్మ గొంతు వినిపించింది.

"అదేంటి వదినా, అన్నయ్యగారి చొక్కా అలా పసుపు తేలింది?"

"అది సెట్టింగు అత్తయ్యగారూ..." అని విజయ్ పాల్ మొదలుపెట్టబోయాడు. సువార్తమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. సెట్టింగంటే, అయితే సరిచెయ్యవయ్యా అని ఎవరో ఒకరు అనక మానరు.

"టీవీదేం లేదు జ్ఞానమ్మా, తప్పు నాదే" అంది సువార్తమ్మ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "పెళ్లి హడావుడిలో ఆయన చొక్కాకి నీలిమందు పెట్టడం మర్చిపోయాను."