నొప్పిలేని పుండు

ఇకీతోస్ అనే నదీతీర పట్టణంలో, రేవు పక్కనున్న బెలేన్ సంతలో ఇల్దౌరా ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం పొట్లాలు అమ్ముతుంది. కడుపుతో ఉన్నా ఒకచోట కూర్చునే మనిషి కాదు.

"ఒసేయ్ పిల్లా, ఆ బుట్ట నాకిచ్చి రక్తపరీక్షకి వెళ్ళు. సూదికి భయపడి ఇంకెన్నాళ్ళు తప్పించుకుంటావ్?" అని అత్త యుఫేమియా తరిమితే నవ్వుకుంటూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ నవ్వు లేదు. రక్తపరీక్షలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందని తేలింది. భర్తనూ వెంటబెట్టుకు రమ్మంది డాక్టరమ్మ నేలిదా.

ఆ పేరు వినగానే మనకు జబ్బు కన్నా ముందు మనిషి నడత గుర్తొస్తుంది. అందులోనూ ఆడదాని నడత. ఇల్దౌరా భయమూ అదే. ఒంటిమీద మచ్చ లేదు, నొప్పి లేదు. తన మాట ఎవరు నమ్ముతారు?

సాయంత్రం పడవ కట్టేసి వచ్చిన భర్త రోమెల్ సంగతి విని, "నీకెక్కణ్ణుంచి అంటుకుంది?" అన్నాడు. అడిగాడే గాని ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఇల్లూ సంతా తప్ప నేనెక్కడికెళ్ళాను? నువ్వే చెప్పు!"

అత్త లేచింది. తనమీదే విరుచుకుపడుతుందని ఇల్దౌరా గోడకు ఒదిగింది. యుఫేమియా వెళ్ళి కొడుకు చొక్కా పట్టుకుంది.

"దుంగలు దించే పనికని నది ఎగువకి పోయావు కదరా. అక్కడేం వెలగబెట్టావో చెప్పు."

రోమెల్ నేలమీద కూలబడ్డాడు. "తప్పు చేశానమ్మా. తర్వాత ఓ పుండు లేచింది. నొప్పి లేదు, దానంతటదే మానింది. పీడా పోయిందనుకున్నా. చెబితే ఇది నన్నొదిలేస్తుందని నోరు మూసుకున్నా."

ఇల్దౌరా వెక్కివెక్కి ఏడ్చింది. యుఫేమియా ఆమెను దగ్గరికి తీసుకుంది.

"నీ మొగుడికి ముందు నాకు ఇద్దరు కడుపులోనే పోయారు తల్లీ. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా రక్తం ఎవరూ చూళ్ళేదు. నీది చూశారు. వాణ్ణి తర్వాత తిడదాం, ముందు పద."

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. నేలిదా ఎవరినీ నిలదీయలేదు.

"పుండు మానినా సూక్ష్మజీవి రక్తంలోనే ఉంటుంది, బిడ్డకూ పాకుతుంది. పెన్సిలిన్ సూదులతో నయమవుతుంది. గనేరియా, క్లమిడియా కూడా ఇలాంటివే. కొందరికి మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. చాలామంది ఆడవాళ్ళకి ఏమీ తెలీదు. వాటికీ పరీక్షలున్నాయి, మందులున్నాయి. కానీ ఇద్దరూ వైద్యం చేయించుకోవాలి. అది పూర్తయ్యి నేను సరేననేదాకా కలవకూడదు. మందుల కొట్లో అడిగి ఏవో మాత్రలు మింగొద్దు."

సూది చూడగానే రోమెల్ కళ్ళు మూసుకున్నాడు. "ఎగువకి పోయినప్పుడు లేని భయం ఇప్పుడెందుకురా?" అంది తల్లి. ఇల్దౌరా ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది.

వారం వారం ఇద్దరూ సూదులు వేయించుకున్నారు. మొదట్లో ఇల్దౌరా అతనితో మాట్లాడలేదు. అతను బతిమాలలేదు, ప్రతిసారీ ఆమె కంటే ముందే వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. పాపను పరీక్షించి, "ఏ జబ్బూ లేదు, హాయిగా ఇంటికెళ్ళండి" అంది నేలిదా. ఇల్దౌరా చాలాసేపు పాప తల నిమిరి, ఆ తర్వాత పాపను రోమెల్ చేతుల్లో పెట్టింది.

పక్క మంచం దగ్గర ఇద్దరు గర్భిణులు ఆ జబ్బు మాట విని గుసగుసలాడుకుంటున్నారు. యుఫేమియా వాళ్ళవైపు తిరిగింది.

"గుసగుసలెందుకమ్మా, గట్టిగానే అడగండి. ఈ జబ్బుకి మందుంది. సిగ్గుపడి దాచుకుంటేనే అది పిల్లల్ని తినేస్తుంది."