గెలిచిన ఫైలు

నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. కాలేజీ ఎదురు సందులో టైపింగ్, జిరాక్స్ షాపు పెట్టి పద్నాలుగేళ్ళయింది. పైచదువులకు విదేశాలు వెళ్ళే పిల్లల కాగితాలు చాలావరకు నా చేతుల మీదుగానే పోతాయి. ఒకడు ఫోటో తప్పు సైజులో తెస్తాడు, ఇంకొకతి మార్కుల లిస్టు ఇంట్లో మరిచి వస్తుంది. అరవకపోతే పని జరగదు. అరిచి అరిచి అదే నా మామూలు గొంతయిపోయింది. ఇంటర్వ్యూకి వెళ్ళేముందు మాత్రం అందరికీ ఒకటే మాట చెబుతాను: "లోపల ఏమడిగినా ఫైల్లో ఏముందో అదే చెప్పు. అక్షరం పొల్లుపోకూడదు. సొంత తెలివి వాడావో, పుట్టి మునిగినట్టే."

ఆ రోజు మా అక్క కూతురికి వీసా ఇంటర్వ్యూ. మూడేళ్ళు ఆసుపత్రి ల్యాబులో రక్తం సీసాల మధ్య నిలబడి పనిచేస్తూ, ఇంటికొచ్చి పరీక్షలకు చదివి, విదేశీ యూనివర్సిటీలో ల్యాబ్ కోర్సుకు సీటు తెచ్చుకుంది. వచ్చే నెలే తరగతులు. వీసా రాకపోతే సీటు పోతుంది. కాగితాల్లో అబద్ధం దొరికితే ఆ దేశం గడప మళ్ళీ తొక్కనివ్వరు.

వీసా ఆఫీసు లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. పిల్ల ఫోను నా చేతికిచ్చి గేటు దాటి వెళ్ళిపోయింది. నేనూ అక్కా రోడ్డుకి ఇవతల బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం. అక్క టైలరు. తెల్లారకముందే ఎవరిదో జాకెట్టు పూర్తిచేసి వచ్చింది, భుజం మీద ఇంకా ఎర్ర దారం ముక్క అంటుకుని ఉంది. సంచిలోంచి కమలాపండు తీసి ఒలవడం మొదలుపెట్టింది.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. నా దగ్గరున్న ఫైలు కాపీ తీసి తిరగేశాను. ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నానో పిల్ల చెప్పుకునే ఉత్తరం దగ్గర ఆగాను. రెండో పేరా ఇంగ్లీషులో నున్నగా నడుస్తోంది: "మా అమ్మ రక్తపరీక్ష రిపోర్టు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే పరిస్థితి చేయి దాటింది. అమ్మ పోయిన రోజే ఈ చదువు చదవాలని నిర్ణయించుకున్నాను."

మళ్ళీ చదివాను. అవే మాటలు.

ఏ ఉత్తరమూ నేను కొత్తగా రాయను. అదే కోర్సుకు ముందు వీసా తెచ్చిపెట్టిన ఫైలు తెరిచి పేరు, మార్కులు, తేదీలు మారుస్తాను. గెలిచిన ఫైలు అంటాను దాన్ని. ఇది రెండేళ్ళ కిందట వెళ్ళిన ఒక తల్లిలేని పిల్లది. పేరు మార్చాను. మార్కులు మార్చాను. చచ్చిపోయిన ఆ తల్లిని మాత్రం అలాగే వదిలేశాను.

ఇంకో పేజీ తిప్పాను. దరఖాస్తు ఫారంలో అక్క పేరు, పుట్టిన తేదీ, వృత్తి దగ్గర టైలర్ అని ఉన్నాయి, నేనే టైపు చేశాను. ఒకే ఫైల్లో అక్క ఒక పేజీలో పోయింది, ఇంకో పేజీలో బట్టలు కుడుతోంది.

"ఇంద, తిను. మొహం అలా పాలిపోయిందేమే?" అంది అక్క.

"ఎండకి" అన్నాను. నిజానికి మబ్బు పట్టి ఉంది.

రోడ్డు దాటి గేటు దగ్గరికి పరిగెత్తాను. "బాబూ, లోపల మా అమ్మాయుంది. ఒక్క మాట చెప్పాలి" అని గార్డుని బతిమాలాను.

"లోపలికెళ్ళాక ఇక కుదరదమ్మా."

"పోనీ, చీటీ రాసిస్తాను."

"చీటీలు అసలే కుదరవు. పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు."

నేను షాపులో రోజూ పిల్లలతో మాట్లాడే పద్ధతే అది. తిరిగి అరవడానికి నోరు రాలేదు. భయమేసింది. ఊరందరి తప్పులూ వేలు పెట్టి చూపించే నేను, సొంత అక్క బిడ్డ బతుకు విషయంలోనే తప్పు చేశాను. అక్కడే గోడవార నిలబడి తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను. అది తెరుచుకున్న ప్రతిసారీ ఒకడుగు ముందుకేసి, పిల్ల కాదని చూసి వెనక్కి జరిగాను.

గంట తర్వాత పిల్ల బయటికొచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"పాస్‌పోర్టు ఉంచుకున్నారు పిన్నీ. వారంలో చెబుతారట" అంది.

పాస్‌పోర్టు ఉంచుకున్నారంటే వీసా వచ్చినట్టే అని నేనే అందరికీ చెబుతుంటాను. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"అమ్మ గురించి అడిగారా?"

తలూపింది. "పోయిందని చెప్పాను."

"ఎందుకు చెప్పావే?" నా గొంతు నాకే వినపడలేదు.

"ఫైల్లో అలాగే ఉందిగా. నెల కిందటే చూశాను పిన్నీ. నువ్వేదో ఆలోచించే రాశావనుకున్నాను. అడుగుదామని రెండుసార్లు షాపుకొచ్చాను కూడా." తన ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "అరుస్తావని అడగలేదు."

ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాను.

"ఫారంలో టైలరని ఉందేమిటన్నారు. ఉన్నప్పుడు కుట్టేదని చెప్పాను. ఎప్పుడు పోయిందన్నారు. తేదీ కావాలన్నారు పిన్నీ. ఫైల్లో తేదీ లేదు. నాకేం తోచలేదు. అమ్మ పుట్టినరోజు ఒక్కటే గుర్తొచ్చింది. కిందటి సంవత్సరం తగిలించి ఆ తేదీ చెప్పేశాను. రాసుకున్నారు."

ఆ తేదీ ఫారంలో అక్క పుట్టిన తేదీగా ఉంది. అదే రోజు, అదే నెల. ఈ వారంలో ఎవరో ఒకరు ఆ ఫారాన్నీ, ఇవాళ రాసుకున్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. 

ఇంతలో అక్క రోడ్డు దాటి వచ్చేసింది, ఒలిచిన తొనలు చేతిలో పెట్టుకుని. "ఏమన్నారే? నా గురించేమైనా అడిగారా?"

పిల్ల నా మొహం చూసి, తల దించుకుంది. "నీ పుట్టినరోజు చెప్పానమ్మా."

"చూశావా, ఎంత మర్యాదస్థులో! అమ్మ పుట్టినరోజు కూడా రాసుకున్నారు." అక్క మొహం వెలిగిపోయింది. కూతురి నోట్లో ఒక తొన పెట్టి, నా చేతిలో రెండు పెట్టింది. "వెళ్ళాక సెలవుల్లో ఒకసారి నన్ను పిలిపించుకుంటావుగా? నువ్వుండే గది చూసి వచ్చేస్తాను."

పిల్ల తొన నమలడం ఆపేసి నా వైపు చూసింది, ఫైల్లో ఏముందో చెప్పమన్నట్టు.